సూదమ్మ మాట కాదన్నవాడు

"అదిగో, ఆ గోడ మీద పిల్లి ఎటు పోతోందో చూడు" అంది సూదమ్మ.

కుర్రాడు తల తిప్పాడు. గోడ మీద పిల్లీ లేదు, గిల్లీ లేదు. వాడింకా వెతుకుతూ ఉండగానే సూది దిగింది, బయటికి వచ్చేసింది, దూది మీద ఆమె బొటనవేలు కూడా పడింది. ఏడవాలా వద్దా అన్నట్టు వాడు తల్లి మొహంలోకి చూశాడు. వాడు తేల్చుకునేలోపు సూదమ్మ వాడేసిన సూదిని డబ్బాలో పడేసి, టీకాల పెట్టె మూత బిగించి, తల్లివైపు తిరిగింది.

"బుధవారం సాయంత్రం బడి వరండాలో మీటింగు. హైస్కూలు సంగతి. మీ ఆయన్ని కూడా తీసుకుని రావాలి."

"అలాగే సూదమ్మా."

"అలాగే అనేసి ఇంట్లో కూర్చుంటే కుదరదు."

"అయ్యో, నువ్వు చెప్పాక రాకుండా ఉంటామా" అంది తల్లి, కొడుకు చొక్కా చెయ్యి కిందికి దించుతూ.

ఆ పేటలో సూదమ్మ చేతి సూది తగలని భుజం లేదంటే నమ్మాలి. ఇవాళ మీసాలు దువ్వుకుంటున్న మగవాళ్ళు కూడా ఒకప్పుడు ఆమె ముందు గుక్కపట్టి ఏడ్చినవాళ్ళే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉద్యోగం ఆమెది. ఉద్యోగం వేళలు గోడ మీద రాసి ఉంటాయి గానీ, ఆ వేళలను ఆమె ఏనాడూ పట్టించుకోలేదు, జనమూ పట్టించుకోలేదు.

పేటలో బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. ఎనిమిది చదవాలంటే రైలు గేటు దాటి, పెద్ద రోడ్డు పట్టుకుని, అవతలి టౌనుకు పోవాలి. ఈ ఏడు ప్రభుత్వం ఈ చుట్టుపక్కలకు ఒక్క హైస్కూలు ఇస్తామంది. అది ఈ పేటకైనా రావాలి, క్వారీ దగ్గర కాలనీకైనా పోవాలి. ఆదివారం విద్యాశాఖ అధికారిణి స్వయంగా వచ్చి జనం ఏమంటారో వింటుందట. అడిగిన చోటికి బడి వస్తుంది, అడగని చోటికి రాదు. క్వారీ కాలనీవాళ్ళు అప్పుడే లారీకి మైకు కట్టుకుని తిరుగుతున్నారని హెడ్మాస్టరు చెప్పినప్పటి నుంచి సూదమ్మ కాలు ఒక్కచోట నిలవడం లేదు.

"అడగందే అమ్మయినా పెట్టదు" అని గడప గడపకూ చెప్పింది. పిల్లలకు టీకా, పెద్దలకు మీటింగు, రెండూ ఒకే విడతలో. బేకరీ ఆయన మోచేతుల దాకా పిండితో బయటికి వచ్చి అలాగే అన్నాడు. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి తల మాత్రం ఊపాడు. గోడలకు రంగులు వేసే ఆయన నిచ్చెన మీద నుంచే అలాగే అని కేకేశాడు. టీకొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ అంది. ఇంతమంది ఇన్ని అలాగేలు అంటుంటే ఎవరికైనా కళ్ళు నెత్తికెక్కుతాయి. సూదమ్మకూ కొంచెం ఎక్కాయనే చెప్పాలి.

చివరి వీధి మలుపులో ఆమె తమ్ముడు వ్యాను కడుగుతున్నాడు. పేట పిల్లల్ని టౌను హైస్కూలుకు తీసుకుపోయేది అతనే. సొంత మేనమామలున్న పిల్లలు కూడా అతన్ని వ్యాను మామ అంటారు.

"ఒరేయ్, బుధవారం సాయంత్రం..."

"నేను రాను."

"ఇంకా చెప్పనే లేదు కదరా."

"చెప్పక్కర్లేదక్కా. పొద్దుట్నుంచి వీధంతా అదే మాట. నేను రాను, వచ్చినా వద్దంటాను."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అన్నారా."

"ఉలిపికట్టెకి కూడా పొట్ట ఉంటుందక్కా" అన్నాడు తమ్ముడు, చక్రం మీద నీళ్ళు కొడుతూ. "బడి ఇక్కడికే వచ్చేస్తే నా బండెక్కేదెవరు? నీకు బడి కావాలి, నాకు బండి కావాలి. నువ్వడుగు, నేను ఆపను. నన్ను మాత్రం రమ్మనకు."

అతను చెప్పింది నిజం. నిజం కాబట్టే సూదమ్మకు కోపం వచ్చింది. పెట్టె భుజానికి వేసుకుని, పలకరించకుండానే వెళ్ళిపోయింది.

*

బుధవారం సాయంత్రం హెడ్మాస్టరు కుర్చీలు అరువు తెచ్చి వరుసగా వేయించాడు. సూదమ్మ ఒక్కొక్క కుర్చీని తడిగుడ్డతో తుడిచింది. చాలవేమోనని చాపలు కూడా పరిచారు. తుడిచిన కుర్చీలు ఆరాయి. వరండాలో లైటు వేశారు. లైటు చుట్టూ పురుగులు చేరాయి గానీ మనుషులు చేరలేదు.

టీకొట్టు ఆవిడ పెద్ద కెటిలూ, గ్లాసుల దొంతీ పట్టుకుని వచ్చింది. నాలుగు పక్కలా చూసి, "జనమేరీ?" అంది.

"వాన పడుతుందేమోనని ఆగి ఉంటారు" అన్నాడు హెడ్మాస్టరు. ఆకాశంలో మబ్బుతునక లేదు. పాపం, మంచి మనిషి, అంతకంటే మంచి అబద్ధం ఆయనకు దొరకలేదు.

టీకొట్టు ఆవిడ మూడు గ్లాసుల్లో టీ పోసింది. తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అందరూ వస్తామన్నారు" అంది సూదమ్మ. "ఒక్కరంటే ఒక్కరు కూడా కాదనలేదు."

"నీకు కాదని ఎవరు చెప్తారు సూదమ్మా? అర్ధరాత్రి పిల్లకి ఒళ్ళు కాలిపోతుంటే కొట్టాల్సింది నీ తలుపే. అలాగే అనడానికి ఏం పోయింది? నేనూ అన్నాను. ఈ టీ తేవాల్సిన పని లేకపోతే నేనూ వచ్చేదాన్ని కాదు."

"ఎందుకు వచ్చేదానివి కాదు?"

"అదీ, ఆ మాట ఇప్పుడడిగావు" అంది ఆవిడ. "మొన్న అడగలేదుగా. వస్తావుగా అన్నావు, పెట్టె తీసుకుని పక్కింటికి పోయావు."

సూదమ్మ టీ తాగలేకపోయింది. సిగ్గనిపించింది. లేని పిల్లిని చూపించి సూది గుచ్చేయడం ఆమెకు అలవాటైన విద్య. సూదికి చెయ్యి దొరికితే చాలు, మనసు ఎటు పోయినా ఫరవాలేదు, మందు దాని పని అది చేస్తుంది. బడి విషయంలోనూ అదే చేసింది. వాళ్ళు ఆలోచించేలోపే అలాగే అనిపించుకుని, పని అయిపోయిందనుకుంది. ఇంటికి పోతూ దారంతా తనను తాను తిట్టుకుంది.

*

మర్నాడు డ్యూటీ దిగాక పెట్టె లేకుండా బయల్దేరింది. పెట్టె లేని సూదమ్మను చూసి కుర్రాడి తల్లి కంగారుపడింది.

"ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. కూర్చోమను నన్ను" అంది సూదమ్మ. స్టూలు మీద కూర్చుని, "ఇప్పుడు చెప్పు. హైస్కూలు ఎందుకొద్దు?" అంది.

"అయ్యయ్యో, వద్దని ఎవరన్నారు..."

"ఎవరూ అనలేదు. అందుకే అడుగుతున్నాను."

తల్లి ఏమీ చెప్పలేదు. సూదమ్మ కూడా మాట్లాడలేదు. చెప్పొద్దూ, సూదమ్మ నోరు మూసుకుని కూర్చోవడం పేటలో అదే మొదటిసారి. తనకే ఊపిరాడనట్టు అనిపించింది. అయినా నాలుక కరుచుకుని కూర్చుంది. తల్లి బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే చివరికి అంది.

"మా పెద్దది ఈ ఏడు ఏడైపోతుంది. ఇంట్లో ఉంటే చిన్నోణ్ణి చూసుకుంటుంది, నేను పనికి పోవచ్చు. బడి వచ్చిందనుకో, అదీ పోతానంటుంది. వద్దని నేనెలా చెప్పను దానికి? బడే లేదనుకో, చెప్పక్కర్లేదు."

బేకరీ ఆయన పొయ్యి వైపు చూపించాడు. పెద్దకొడుకు ఎనిమిదికి పోతే తెల్లవారుజామున పొయ్యి దగ్గర నిలబడేదెవరని అడిగాడు. దర్జీ గుండుసూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకు గుచ్చి, తీరిగ్గా చెప్పాడు.

"నాకు సంతకమే వంకర. పెద్దాఫీసరు వచ్చి ఏదైనా అడిగితే పదిమందిలో నవ్వులపాలు కాలేను సూదమ్మా. బడి మీద కోపం లేదు. మీటింగంటేనే భయం."

ఒక్కొక్క మాటకూ సూదమ్మ నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. ఒక్కటీ చెప్పలేదు. "ఇప్పుడు నాతో అన్నావే, ఇదే మాట ఆదివారం వచ్చి చెప్పు" అని మాత్రం అంది.

"వద్దని చెప్పడానికి కూడా మీటింగుకు రావాలా?" అన్నారు ప్రతి గడపలోనూ.

"రావాలి. నీ మాట ఏదైతే అదే చెప్పు."

అక్కడి నుంచి తమ్ముడి దగ్గరికి పోయింది. అతను వ్యాను వెనక భాగంలో వంగి కూర్చుని, వదులైన బెంచీ బోల్టు బిగిస్తున్నాడు. అక్కను చూసి పానా కింద పెట్టలేదు.

"ఆదివారం నువ్వు రావాలి" అంది.

"మళ్ళీ మొదలా?"

"వచ్చి వద్దని చెప్పాలి. ఆఫీసరమ్మ ముందు, నీ నోటితో."

తమ్ముడు పానా పెట్టేశాడు. "మతి పోయిందా అక్కా? నేను వద్దంటే ఇంకో నలుగురు వద్దంటారు. బడి కాస్తా క్వారీ కాలనీకి పోతుంది."

"పోతే పోనీ. బుధవారం కుర్చీల సంగతి విన్నావుగా. అలా ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని అడిగినా పోయేదే."

"పేటలో ఇంతమంది ఉండగా నేనే దొరికానా?"

"నాతో అబద్ధం చెప్పనివాడివి నువ్వొక్కడివే దొరికావు మరి."

తమ్ముడు చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా" అన్నాడు మెల్లగా. "ఎనిమిదికి రాబోతున్న నీ మనవరాలి గురించేగా నీ బెంగ? దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోతాను. పువ్వులా దింపుతాను, పువ్వులా తెస్తాను."

"నా మనవరాలికి వ్యానున్న తాత ఉన్నాడు. పేటలో అందరికీ ఉన్నాడా?"

తమ్ముడు మళ్ళీ పానా అందుకున్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

శనివారానికి వార్త పేటంతా పాకింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, టీకొట్టు ఆవిడ మీదే అందరికీ అనుమానం. అక్కాతమ్ముళ్ళు ఆఫీసరు ముందే పోట్లాడుకోబోతున్నారట. బడి కోసం రానివాళ్ళు పోట్లాట చూడ్డానికి రాకుండా ఉంటారా?

*

ఆదివారం వరండా చాలలేదు. కుర్చీలు నిండి, చాపలు నిండి, జనం ప్రహరీ గోడెక్కి కూర్చున్నారు. అధికారిణి నడివయసు మనిషి. క్వారీ కాలనీ చూసుకుని నేరుగా వచ్చినట్టుంది, చెప్పులు తెల్లటి దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. హెడ్మాస్టరు రాసుకొచ్చింది చదివాడు. విద్య ఆవశ్యకత అనే మాట దగ్గర గోడ మీదవాళ్ళు ఆవలించడం మొదలుపెట్టారు.

"వద్దనేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళే మాట్లాడండి" అంది అధికారిణి.

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. తమ్ముడు వెనక వరసలోంచి లేచాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. సూదమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. పిలిచింది తనే, ఇప్పుడు బడి పోతే పోగొట్టింది కూడా తనే అవుతుంది.

"నాకు బడి వద్దండి" అన్నాడతను. "వ్యాను నడుపుతాను. బడి ఇక్కడికొస్తే నా బతుకు పోతుంది, ఉన్నమాట చెప్తున్నాను. అయినా బడి లేదని ఇక్కడెవరి చదువూ ఆగలేదండి. నేను లేనా? తెల్లారకముందే బండి తీస్తాను. గేటు పడితే ఆగుతాం. ఒక గూడ్సు పోయాక ఇంకో గూడ్సు వస్తుంది. దర్జీగారబ్బాయికి అక్కడ ఆగితే వాంతి వస్తుంది, వాడికోసం సంచులు పెట్టుకుంటాను. వానాకాలం రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే నేనే దిగి లోతు చూసి నడుపుతాను. ఒక్క పిల్లకి కూడా ఇంతవరకు గీత పడలేదు."

"నిజమే" అన్నారెవరో. నిజమే కూడాను. అతను చెప్పిన దాంట్లో గొప్పలు లేవు.

"ఆ బండిలో ఎంతమంది పడతారు?" అని అడిగింది అధికారిణి.

"సర్దుకుంటే అందరూ పడతారండి. ఎనిమిదోవాళ్ళు ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుంటారు. తొమ్మిదికొచ్చేసరికి కాస్త గాలాడుతుంది. పదికొచ్చేసరికి ఇంక హాయిగా..."

అక్కడ ఆగిపోయాడు.

"హాయిగా ఎందుకుంటుంది?" అంది టీకొట్టు ఆవిడ చాప మీద నుంచి. "మిగతావాళ్ళేమైనట్టు?"

"దిగిపోయారు" అన్నాడతను.

ఆ మాట అతని నోటికే కొత్తగా ఉంది. తర్వాత గొంతు తగ్గింది. గోడ మీదవాళ్ళు వినపడక ముందుకు వంగారు.

"ఆడపిల్లలే ముందు దిగుతారండి. పెద్దవాళ్ళయ్యాక మగపిల్లల మధ్య ఇరుక్కుని ఎలా కూర్చుంటారు? ఇంట్లోవాళ్ళు వద్దంటారు. తప్పు లేదు. మా రంగులాయన కూతురుంది. గేటు దగ్గర ఆగినప్పుడు గూడ్సు పెట్టెల మీద అంకెలు చూసి గబగబా కూడేసేది, బండిలో పిల్లలందరి చేతా కూడించేది. దానితో పందెం వేసి నేను రోజూ ఓడిపోయేవాణ్ణి. ఈ ఏడు బళ్ళు తెరిచిన రోజు వాళ్ళింటి ముందు బండి ఆపాను. రాలేదు. దిగి ఎందుకని అడగాల్సింది. అడగలేదండి. ఆ సీటుకోసం ఇంకో పిల్లాడు కాచుకుని ఉన్నాడు. వాణ్ణెక్కించుకుని పోయాను."

పోట్లాట చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఎటు చూడాలో తెలియలేదు. సూదమ్మ కళ్ళు తుడుచుకుంది, చాటుగా కాదు, అందరూ చూస్తుండగానే.

స్తంభం పక్కన నిలబడ్డ రంగులాయన గోళ్ళలో ఎండిన రంగు గీకుకుంటూ అన్నాడు. "బడి మన వీధి చివరే ఉంటే నేను ఆపేవాణ్ణి కాదు. అది రోజూ ఏడుస్తోంది. బడి ఇక్కడ పెట్టండమ్మా."

ఆ తర్వాత అడ్డుకట్ట తెగినట్టే అయింది. బడి దగ్గర్లోనే ఉంటే తన కొడుకు పొయ్యి పని ముగించి, స్నానం చేసి కూడా గంట కొట్టకముందే పోగలడని బేకరీ ఆయన అన్నాడు. మధ్యాహ్నం సెలవులో పెద్దది వచ్చి చిన్నోడికి అన్నం పెట్టిపోయినా తనకు చాలునని కుర్రాడి తల్లి అంది. ఎవరికోసమో వచ్చినట్టు కాక, సొంత పనికి వచ్చినట్టు మాట్లాడారు. దర్జీ లేచి నిలబడి, నోరు తెరిచి, చాలాసేపు ప్రయత్నించి, "కావాలి" అని ఒక్కమాట అని కూర్చున్నాడు. అతనికి చెమటలు పట్టేశాయి. ఎవరూ నవ్వలేదు.

అధికారిణి తమ్ముడి వైపు తిరిగింది. "మరి మీ అభ్యంతరం రాసుకోమంటారా, వద్దంటారా?"

"రాసుకోండి. వద్దనే అన్నాను, మాట మార్చను. బడి వచ్చాక నాకు బతుకుతెరువేంటో నాకింకా తెలీదు" అన్నాడతను. "దాంతోపాటు ఆ దిగిపోయినవాళ్ళ సంగతి కూడా రాసుకోండి."

కావాలనేవాళ్ళు చేతులెత్తమంటే వరండా అంతా చేతులే. గోడ మీదవాళ్ళు ఒక చేత్తో గోడ పట్టుకుని ఇంకో చెయ్యి ఎత్తారు. తమ్ముడి చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. లేచిన అన్ని చేతుల్నీ వదిలేసి సూదమ్మ ఆ రెండు చేతుల్నే చూసింది. వీడు నా తమ్ముడు, అనుకుంది. ఆమెకు గర్వంగానూ ఉంది, వాడి బతుకు ఏమవుతుందోనని దిగులుగానూ ఉంది.

"క్వారీ కాలనీలో అందరూ ఒకటే మాట చెప్పారు, మైకులో" అంది అధికారిణి లేస్తూ. "ఇక్కడ ఎవరి మాట వాళ్ళు చెప్పారు. హైస్కూలు ఇక్కడికే రాస్తాను. కట్టడానికి రెండేళ్ళు పడుతుంది, అప్పటిదాకా ఓపిక పట్టండి."

*

జనం కుర్చీలు మడుస్తూ, హెడ్మాస్టరు చెయ్యి ఊపేస్తూ ఉండగా సూదమ్మ బయటికి వచ్చి వ్యాను ఎక్కి తమ్ముడి పక్కన కూర్చుంది. ఇంకా వెలుతురు ఉంది.

"నామీద కోపంగా ఉందా?" అంది.

"ఉంది" అన్నాడు తమ్ముడు.

"రెండేళ్ళ తర్వాత ఏం చేద్దామో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం రా. నిన్నలా వదిలేస్తానా?"

"అది అప్పటి సంగతక్కా. ఈ రెండేళ్ళ సంగతి చెప్పు. అంతవరకూ ఓపిక పట్టమంది కదా ఆవిడ. పిల్లలెలా పడతారు ఓపిక? ఇవాళ దిగిపోయిన పిల్ల రెండేళ్ళ తర్వాత ఎక్కుతుందా?"

అతను బండి తీశాడు. ఇంటి మలుపు దగ్గర తిప్పలేదు, నేరుగా పోనిచ్చాడు.

"వెనక రెండు బెంచీలూ పీకేసి, మధ్యలో చెక్కపలక అడ్డంపెట్టి బిగిస్తాను. ఇటు ఆడపిల్లలు, అటు మగపిల్లలు. నలుగురు తక్కువ పడతారు. పడనీ. ఈ పని ఎప్పుడో చెయ్యాల్సింది" అన్నాడు.

రంగులాయన ఇంటి ముందు బండి ఆపాడు. ఆయన ఇంకా బళ్ళో కుర్చీలు మడుస్తున్నాడు. కిటికీలో దీపం వెలిగింది, లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. తమ్ముడు దిగి, చొక్కా సర్దుకున్నాడు. సూదమ్మ కూడా తలుపు తీసింది.

"నువ్వు కూర్చో అక్కా."

"నేనొస్తే మంచిది కదరా. నామాట వింటారు."

"అందుకే వద్దంటున్నా. నువ్వు పక్కనుంటే ఆ తల్లి నన్ను నాలుగు మాటలు అనలేదు. అననీ."

సూదమ్మ తలుపు వేసుకుని కూర్చుండిపోయింది. అతను వెళ్ళి గడప ముందు నిలబడి తలుపు తట్టాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. తలుపు తీసింది ఆ పిల్లే.